కారం చచ్చిన మిరపకాయకు జేజేలు

కారం లేని మిరపకాయను కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడికి మా కౌంటీ కోర్టు ముందు గుర్రమెక్కిన విగ్రహం పెట్టించాలి!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను.

ఈమధ్య మా టెక్సస్ అంగళ్ళలో హాలపెన్యో మిరపకాయలు చూశారా? అరచేతి పొడవున, నున్నగా, నిగనిగలాడుతూ, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొరికితే ఏముంటుంది? నీళ్ళు! పైన పటారం, లోన లొటారం. నేతిబీరకాయలో నెయ్యెంతో వీటిలో కారమంత. దీనికి జనం గోలగోల పెడుతున్నారు. మా ఊరి వారపత్రికకు ఫోన్ చేసి మరీ ఏడుస్తున్నారు. ఆ పత్రికలో ఈ కాలమ్ రాసుకుని బతికేవాణ్ణి గనక ఆ ఫోన్లన్నీ నా నెత్తినే పడుతున్నాయి. అందరికీ కలిపి ఇవాళ ఒకటే జవాబు చెబుతున్నాను.

ఏం పోయిందండీ కారం పోతే?

పాత మిరపకాయల కాలం గుర్తు తెచ్చుకోండి. మా పక్కింటి వెస్లీ వాటిని వట్టి చేతుల్తో తరిగి, మరిచిపోయి అదే చేత్తో కళ్ళలో లెన్స్ పెట్టుకున్నాడు. గుర్రాలకు నీళ్ళుపెట్టే తొట్టిలో తల ముంచి మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాడు, పాపం గుర్రం దాహంతో పక్కన నిలబడి చూస్తోంది. మా బాప్టిస్టు పాస్టరుగారు ఓ శనివారం మా ఇంట్లో నాలుగు తిన్నారు. మర్నాడు నరకం మీద ఆయన ప్రసంగం వింటూ చర్చి చర్చంతా గజగజలాడిపోయింది. "అంత కళ్ళకు కట్టినట్టు ఎలా చెప్పారండీ?" అని అడిగితే, "స్వానుభవం నాయనా" అన్నారు.

ఇప్పుడో? పళ్ళు రాని పిల్లల చేతికిచ్చినా చప్పరించి నిద్రపోతారు. చేతులకు తొడుగులక్కర్లేదు. చల్లటి పాలు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. దేశమంతా ఒకటే చప్పదనం, ఒకటే సమానత్వం! ఇంతకన్నా నాగరికత ఏం కావాలి?

"చెప్పడానికి నువ్వెవడివయ్యా?" అంటారా. వినండి మరి. నా పేరు రాయ్స్ టిల్మన్. కుబేనా వారి అల్లుణ్ణి. ఏటా జూలై నాలుగున వాళ్ళ పెరట్లో జరిగే బార్బెక్యూకి మిరపకాయల శాఖామాత్యుణ్ణి.

ఆ ఇంట్లో పద్ధతి ఒకటుంది. కొడుక్కి నిప్పు, అల్లుడికి మిరపకాయ. మామగారు ఎర్విన్ కుబేనా చమురుబావి దగ్గర పారేసిన ఇనుపగొట్టం తెచ్చి, తన చేత్తో వెల్డింగ్ చేసుకున్న పొగపొయ్యి ఉంది. దాని దగ్గర బామ్మర్ది డ్వేన్ ముందురోజు సాయంత్రం నుంచి కుర్చీ వేసుక్కూర్చుని, ఓక్ కట్టెలు ఎగదోస్తూ, బ్రిస్కెట్ మాంసానికి కాపలా కాస్తాడు. నేను ఆ పొయ్యి తలుపు మీద చెయ్యి వేస్తే చాలు, "బావా, వేడి పోతుంది" అంటాడు. నా పెళ్ళినాటి నుంచీ ఆ వేడి పోతూనే ఉంది, నేను ఆ తలుపు తెరవనే లేదు.

నా రాజ్యం పెకాన్ చెట్టు కింద మడతబల్ల. అక్కడ నన్ను మించినవాడు లేడు. మిరపకాయను నిలువునా చీల్చాలి, తొడిమతో సహా! తొడిమ విరిగితే ఆ కాయ నా పళ్ళెమెక్కదు. లోపలి గింజలూ తెల్లటి ఈనెలూ చెంచాతో గీకి, క్రీమ్ చీజూ, తురిమిన చెడ్డర్ చీజూ, వేయించి నలిపిన సాసేజూ కలిపి కూరాలి. దానికి బేకన్ పట్టీ, అంటే ఉప్పులో ఊరి పొగలో ఆరిన పందిమాంసం పట్టీ, పసిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టి పుల్లగుచ్చాలి. ఆపైన డ్వేన్ చేత పొగలో పెట్టించి, బేకన్ అంచులు కరకరలాడేదాకా ఉంచాలి.

పొద్దుణ్నుంచీ నడుం విరిగేలా చుడతానా! భోజనానికి ముందు ప్రార్థనలో "ఆమెన్" అనేలోపు పళ్ళెం ఖాళీ. ఖాళీచేసిన వాళ్ళే మూతి తుడుచుకుని, "బ్రిస్కెట్ ఇంకా కాలేదా?" అంటారు. కీర్తి అంటే ఇదీ.

ఇందులో ఇంకో నియమం ఉంది. అది మా అత్తగారు ఆల్బీనా పెట్టింది. ఒక కాయ రెండు చీలికలూ పళ్ళెంలో పక్కపక్కనే ఉండాలి. ఒకటి ఒకరు తింటే, దాని జంట ఇంకొకరు తినాలి. ఎందుకూ అంటే సాక్ష్యానికి! మగాళ్ళు కదా, కారం తగిలి చెవుల్లోంచి పొగలొస్తున్నా "అబ్బే, ఏమంత లేదు" అంటారు. కొందరు చప్పటిది తిని చచ్చేంత యాగీ చేస్తారు. ఎవరైనా "కారం!" అనగానే పెరడంతా "సాక్షి ఎవరు?" అని అరుస్తుంది. జంట చీలిక తిన్నవాడు లేచి నిజం చెప్పాలి. మా ఇంట్లో బైబిలు మీద చెయ్యేసి అబద్ధమాడినవాళ్ళున్నారు గానీ, జంట చీలిక మీద ఆడినవాళ్ళు లేరు.

మామగారి జంట ఎప్పుడూ అత్తగారే.

ఆ మిరపకాయలు కూడా ఆవిడ పెంచినవే. కొన్నవి కావు. పెద్దపెద్ద కుండీల్లో పెంచేది. మంచు కురిసే రాత్రుల్లో బట్టలుతికే గదిలోకి లాగించేది. మిగతా రోజుల్లో మాత్రం నీళ్ళు పొయ్యదు! "ఆకులు వాలిపోతున్నాయత్తయ్యా" అంటే, "వాలనీ. సుఖపడ్డ మిరపకాయకు కారముండదు" అనేది. పైగా రోజూ పొద్దున కాఫీ కప్పు పట్టుకొచ్చి వాటిని తిట్టేది. ఆ కాయలు వేలెడంతే ఉండేవి, గీతలుపడి, ముడుచుకుని, చూడగానే దణ్ణం పెట్టాలనిపించేవి.

ఇక మామగారి సంగతి. ఎర్విన్ కుబేనా ఏడవడు. కరువొచ్చిన ఏడాది ఆవులన్నీ అమ్మేసి, ఖాళీ దొడ్డి గేటు తానే వేసి, వచ్చి కాఫీ తాగాడు. కంచె తీగ తెగి చెంప చీరితే, "టేపుందా?" అని అడిగాడు. చర్చిలో తన కూతురు జనెల్ చెయ్యి నా చేతిలో పెట్టినప్పుడు కూడా కన్ను చెమర్చలేదు. ఆరోజు నన్ను చూసి మిగతా అందరూ ఏడ్చారు.

కానీ ఏటా జూలై నాలుగున అత్తగారి మిరపకాయ ఒక చీలిక నోట్లో పడిందా, ఇక చూడండి! గుడ్లనీళ్ళు ధారకడతాయి. ముక్కు కారుతుంది. "ఓరి నాయనో, ఏం కారంరా" అని జేబురుమాలు తీస్తాడు. తీశాక వెంటనే ఆగడు. ఏడుస్తూనే అమ్మేసిన ఆవుల పేర్లు చెబుతాడు. వియత్నాం వెళ్ళి తిరిగిరాని తమ్ముడు చెరువులో ఈతకొట్టే తీరు చెబుతాడు. అత్తగారు ఒక చేత్తో ఆయన వీపు రాస్తూ, రెండో చేత్తో తన జంట చీలిక తింటూ, ఎవరైనా "సాక్షి?" అంటే తాపీగా, "అవును, మండిపోతోంది" అనేది. ఆవిడ నుదుట చెమట చుక్క కూడా ఉండేది కాదు. గట్టి పిండం అనుకునేవాళ్ళం. కాసేపటికి ఆయన ముక్కు చీది, "దిక్కుమాలిన మిరపకాయ" అని లేస్తాడు. మళ్ళీ ఏడాదిదాకా ఎర్విన్ కుబేనా ఎర్విన్ కుబేనాయే.

మొన్న ఫిబ్రవరిలో ఆల్బీనా అత్తయ్య పోయింది.

ఆ వారమే మంచు కురిసింది. కుండీలు లోపలికి లాగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మొక్కలూ పోయాయి.

మామగారు ఏడవలేదు. అంత్యక్రియల్లో వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, అయ్యాక మడతపెట్టాడు. ఆ తర్వాత మంచమ్మీద పడుకోవడం మానేశాడు. పెరట్లో ఆపిన పాత పికప్పు ట్రక్కులో, తాళం చెవి పెట్టకుండా, స్టీరింగు పట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటాడు. పలకరిస్తే, "బాగానే ఉన్నా" అంటాడు. అన్నం మాత్రం సరిగా తినడు. మనిషి సగమైపోయాడు.

జూలై దగ్గరపడుతుంటే జనెల్ నన్ను వంటింట్లో నిలబెట్టింది.

"చూడు రాయ్స్. నాన్న లోపల గడ్డకట్టుకుపోతున్నాడు. ఆయన ఏడవాలి. మనవల్ల ఏడవడు. ఈసారి నువ్వు మిరపకాయలు మంట పుట్టేలా చెయ్యి."

"మనిషిని ఏడిపించడానికి వండమంటావా?"

"పెళ్ళయిన దగ్గర్నించీ నువ్వు వండిందల్లా తిని నేను ఏడుస్తూనే ఉన్నాగా! ఒక్కసారి కావాలని చెయ్యలేవూ?"

"గింజలు గీకెయ్యనులే. ఈనెలు కూడా ఉంచేస్తా."

"ఏం చేస్తావో నాకు తెలీదు. నాన్న మాత్రం ఏడవాలి."

ఇంత బాధ్యత నా మీద ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. ఛాతీ పొంగించుకుని బజారుకెళ్ళాను. అక్కడ రెండు గంపలున్నాయి. ఒకదాంట్లో వంకరటింకరగా, గీతలుపడ్డ చిన్న కాయలు. ఇంకోదాంట్లో నేను పైన పొగిడిన ఆ నున్నటి పెద్ద కాయలు. గీతలున్నదే కారమని టెక్సస్‌లో అడిగితే ఎవరైనా చెబుతారు. నాకూ తెలుసు. కానీ అయ్యా, నేను కళాకారుణ్ణి! ఆ వంకర కాయలో చీజు నిలుస్తుందా? బేకన్ పట్టీ తీరుగా చుట్టుకుంటుందా? పళ్ళెంలో పెడితే చూడముచ్చటగా ఉంటుందా? నా బుద్ధి గడ్డి తిని, చెయ్యి నున్నటి గంపలోకే పోయింది. ఇంటికొచ్చి వరసగా పేర్చుకుని, మురిసిపోయి, ఫోటో కూడా తీసుకున్నాను.

జూలై నాలుగు పొద్దున చీల్చడం మొదలుపెట్టి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. దోసకాయ! ఇంకోటి. దోసకాయ! ఈనెలు నమిలాను, గింజలు నమిలాను. మా ఇంటి కుళాయి నీళ్ళలో ఇంతకన్నా కారం ఉంటుంది.

చెమటలు పట్టాయి, కారానికి కాదు. పొయ్యి దగ్గరున్న డ్వేన్ పక్కకి పరిగెత్తాను.

"కొంప మునిగింది బామ్మర్దీ. వీటిలో ఏమీ లేదు."

వాడొకటి కొరికి చూశాడు. "బావా, ఇది మిరపకాయేనా, లేక మిరపకాయ వేషమా?"

"తిట్టడం తర్వాత. ఉపాయం చెప్పు."

"ఎండుకారం కలుపు చీజులో."

కలిపాను. చీజు దాన్ని గుటుక్కున మింగి, మళ్ళీ పాలమీగడలా నవ్వింది. ఇంకా కలిపితే రంగు మారి గుట్టు బయటపడుతుంది. బజార్లన్నీ పండగకి మూసేశారు. నేను కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. చేసేదేంలేక, వాటినే కూరాను, వాటినే చుట్టాను. జీవితంలో అంత అందమైన పళ్ళెం నేనెప్పుడూ తయారుచెయ్యలేదు. అంత సిగ్గూ ఎప్పుడూ పడలేదు.

మధ్యాహ్నం మామగారు ట్రక్కులోంచి దిగి వచ్చి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అలవాటుకొద్దీ ఎవరో వేసేశారు, తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. జనెల్ నావంక చూసింది. ఆ చూపులో ఉన్న ఆశకు నేను భూమిలోకి కుంగిపోయాను. పళ్ళెం ఆయన ముందు పెట్టాను.

ఆయన ఒక చీలిక తీసుకున్నాడు. దాని జంట పళ్ళెంలో మిగిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆయన కొరికాడు. నమిలాడు. 'ఇప్పుడు ఉమ్మేసి, ఇదేం చప్పిడి తిండిరా అంటాడు' అనుకుంటున్నాను. ఆయన నమలడం ఆపేసి, పళ్ళెంలో మిగిలిన ఆ చీలిక వంక చూస్తూ ఉండిపోయాడు. మొదట ఒక కంట్లోంచి, తర్వాత రెండో కంట్లోంచి, నీళ్ళు జలజలా రాలాయి.

"కారం" అన్నాడు. "ఏం కారంరా నాయనా ఇది!"

"సాక్షి ఎవరు?" అని ఈసారి ఎవరూ అరవలేదు. ఆయనే తల ఎత్తి, కన్నీళ్ళతోనే, ఖాళీ కుర్చీ వంకా మా అందరి వంకా బిత్తరచూపులు చూశాడు. పట్టుబడ్డ పిల్లాడి మొహం అది.

నేను గబుక్కున ఆ జంట చీలిక తీసి నోట్లో వేసుకున్నాను.

దోసకాయ.

"అవును మామగారూ," అన్నాను, "మండిపోతోంది. చంపేస్తోంది."

అనేసరికి నిజంగానే నా కళ్ళు కూడా మండాయి. డ్వేన్ పొయ్యి దగ్గర్నించి వచ్చాడు. ముందురోజు నుంచీ కదలనివాడు, పొయ్యి తలుపు బార్లా తెరిచేసి మరీ వచ్చాడు! ఒక చీలిక నోట్లో కుక్కుకుని, "అమ్మో! బావా, ఇంత కారమేంటి!" అని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. జనెల్ వచ్చి తమ్ముడి చేతిలో మిగిలింది తిని చూసింది. నమిలింది. నావంక చూసింది. తర్వాత వెళ్ళి తండ్రి వీపు రాస్తూ, "అవున్నాన్నా, చాలా కారంగా ఉంది" అంది.

"నీళ్ళు పొయ్యేది కాదు వాటికి," అన్నాడు మామగారు వెక్కుతూ. "మొక్కలకి. ఎంత చెప్పినా పొయ్యదు. నన్నూ అలాగే పెంచింది. రోజూ పొద్దున తిట్లు. ఇప్పుడు పొద్దున్నే ఇల్లంతా నిశ్శబ్దమమ్మా. తిట్టేవాళ్ళు లేరు."

ఇక ఆగలేదు. ఆ సాయంత్రం దాకా ఆవిడ గురించే చెప్పాడు. వేడి పోయి బ్రిస్కెట్ సగం ఉడికి సగం ఉడక్కుండా నాశనమైంది. ఒక్కరూ అడగలేదు. నా పెళ్ళినాటి నుంచీ నేను ఎదురుచూసిన రోజది! మిరపకాయలే మిగిలాయి, అందరూ వాటినే తిన్నారు, అందరూ ఏడ్చారు.

కాబట్టి మహాశయులారా, మళ్ళీ చెబుతున్నాను, కారం లేని మిరపకాయ వరం! ఇకమీదట ఎవరూ పత్రికకు ఫోన్ చెయ్యకండి. అయితే ఒక్క అనుమానం నన్ను తినేస్తోంది. చెట్టున కాసిన కాయలన్నీ ఒకే కారంగా ఉండవు కదా. అత్తగారివి కూడా అన్ని జూలైల్లోనూ, ప్రతి కాయా మండి ఉంటుందా? ఆవిడ నుదుట చెమటెందుకు పట్టలేదు? అన్నేళ్ళూ తాపీగా, "అవును, మండిపోతోంది" అని సాక్ష్యం చెబుతూ ఆవిడ నమిలిందేమిటి? గట్టి పిండం అనుకున్నాం. వెర్రివాళ్ళం. మేము బారెడు మీసాలు పెంచి, పెళ్ళాం పోయినా ఏడవడానికి ఒక కూరగాయ అనుమతి కోసం కాచుక్కూర్చునే శూరులమని ఆవిడకొక్కదానికే తెలుసు.

చీకటిపడ్డాక మామగారు లేచి ముక్కు చీదాడు. ట్రక్కు వైపు వెళ్ళలేదు, ఇంట్లోకి నడిచాడు. మెట్ల మీద ఆగి నన్ను పిలిచాడు.

"అబ్బాయ్."

"చెప్పండి మామగారూ."

"దిక్కుమాలిన మిరపకాయ. వచ్చే ఏడు కాస్త కారం తగ్గించు."

"అలాగే" అన్నాను. ఇంతకన్నా తగ్గించాలంటే ఇక దోసకాయే. దానికి తొడిమతో సహా చీలిక రాదు, చీజు నిలవదు, పొగలో పెడితే నీరుగారిపోతుంది. అయినా సరే, ఆ పక్క కుర్చీలో నేను కూర్చుంటాను, దోసకాయకే బేకన్ చుడతాను, రెండో చీలిక నేనే తింటాను.